పట్టాలు దాటు పాదచారి

హైదరాబాదు నగరము ఒక వంతెనతో ఆరంభమైనదని చెప్పినచో అది అతిశయోక్తి కానేరదు. చార్మినారు వెలయుటకు పూర్వమే, 1578వ సంవత్సరమున ఇబ్రహీం కుతుబ్‌షా మూసీనది మీద 22 కమానులతో ఒక వంతెన కట్టించెను. అదియే నేటి పురానాపూల్. ఆ వంతెన దిగి దక్షిణముగా సాగినచో బహదూర్‌పురా చేరుదుము. గంప నెత్తిన పెట్టుకొన్నవారును, బిడ్డను చంకనెత్తుకొన్నవారును, చేతికఱ్ఱ ఊతగా నడచువారును నాలుగు శతాబ్దులకు పైగా ఆ కమానుల మీదుగా నది దాటినారు. నిండుగా పారుచున్న మూసీని చూచి, వంతెన ఎందుకు, నీటిలో దిగి పోవుదమని అనుకొన్నవారు లేరు. వరద కంటికి కనబడును. కనబడు అపాయమునకు మనుష్యుడు వెనుదీయును.

ఇనుప పట్టాల దారియు ఒక నదియే. అయితే అది మోసపు నది. వరదకును వరదకును నడుమ అది ఎండిన యేరువలె నుండును. రెండు ప్రక్కల కంకర, నడుమ నాలుగు ఇనుప గీతలు, ఆవలి గట్టున మన వీధి, మన బడి, మన అంగడి. పది అడుగులు వేసినచో చేరవచ్చునని తోచును. ఈ తోచుటలోనే ప్రాణాపాయమున్నది. పట్టాల మీద కట్టు కాలినడక వంతెనను గూర్చి నేడు మేము చెప్పదలచిన నాలుగు మాటలకు మూలము ఇదియే.

బహదూర్‌పురాకు ఆగ్నేయదిశగా, ఆకాశమునకు అద్దమను అర్థముగల పేరు పెట్టుకొన్న ఫలక్‌నుమా చెంత ఒక రైలుమార్గము సాగుచున్నది. అది కాచిగూడ నుండి బయలుదేరి మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడల మీదుగా ఫలక్‌నుమా చేరి, అచ్చటినుండి మహబూబ్‌నగరు వైపు పోవును. కాచిగూడ స్టేషను భవనము 1916లో నిర్మితమైనది. ఆ కాలమున ఇది మీటరుగేజి మార్గము. పొగబండి వచ్చుచున్నదనగా దాని కూత, దాని పొగ, దాని దడదడ ముందుగానే వచ్చి జనమును హెచ్చరించెడివి. ఇరువదవ శతాబ్ది చివరి దశకమున మార్గము బ్రాడ్‌గేజి యైనది; పట్టాల నడుమ ఎడము 1,676 మిల్లీమీటర్లకు పెరిగినది. 2003 ఆగస్టు 9న నగరములో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలైనవి, మరుసటి సంవత్సరమున అవి ఫలక్‌నుమా వఱకు వచ్చినవి. సికింద్రాబాదు, మహబూబ్‌నగరుల నడుమ 85 కిలోమీటర్ల మేర రెండవ మార్గమును, విద్యుదీకరణమును పూర్తిచేసి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితము చేసిరి.

ఇవి యన్నియు ప్రయాణికునకు మేలు చేసినవే. అయినను అదే మార్గమును అడ్డముగా దాటవలసిన పాదచారికి, ప్రతి మేలును ఒక క్రొత్త కష్టము తెచ్చినది. విద్యుత్తుతో నడుచు బండికి పొగ లేదు, సద్దు తక్కువ. రెండు మార్గములున్నచోట ఒక బండి పోగానే దారి తెరపి యైనదని అడుగు వేసినవానికి, ఆ బండి చాటునుండి ఎదురుదిక్కున వచ్చు రెండవ బండి కనబడదు. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్క సెకనులో 25 మీటర్లు వచ్చును. మామూలు నడకతో రెండు మార్గములు దాటుటకు ఇంచుమించు 10 సెకనులు పట్టును. ఆ పది సెకనులలో బండి పావు కిలోమీటరు దూరము మింగివేయును. డ్రైవరు చూచి బ్రేకు వేసినను అది అచ్చటనే నిలువదు. నిలుచుటకు వందల మీటర్లు కావలయును.

పట్టాల మీద అడ్డముగా నడచుట నేరమని మన చట్టము చెప్పుచున్నది. 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను ప్రకారము ఆరు నెలల వఱకు జైలు, లేక 1,000 రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అయినను జనము దాటుచునే యున్నారు. రైల్వే భద్రతను గూర్చి విచారించిన అనిల్ కాకోద్కర్ సంఘము, ఇట్లు పట్టాల మీదికి వచ్చి ఏటేట ఇంచుమించు 15,000 మంది ప్రాణములు కోల్పోవుచున్నారని 2012లో సమర్పించిన నివేదికలో తెలిపినది. ఇంతమందియు తెలివిలేనివారని అనుకొందమా? ప్రాణమునందు ఆశ లేనివారని అనుకొందమా? అట్లనుకొని ఊరకుండుట సులభము. కాని తాము అడిగిన చోట, తాము ఎక్కగల వంతెన వారిలో ఎందఱికి ఉండెనని అడుగుట న్యాయము.

ఒకనాటి ఉదయము మేము ఇట్టి రైలుమార్గము చెంత కొంతసేపు నిలిచి చూచితిమి. పట్టాలకు ఇరుప్రక్కల గడ్డి పెరిగియున్నది. ఆ గడ్డి నడుమ మూరెడు వెడల్పున నున్నని కాలిబాట ఒకటి ఏర్పడియున్నది. దానిని ఏ ఇంజనీరును గీయలేదు, ఏ గుత్తేదారును వేయలేదు. బడికి పోవు పిల్లలు, పనికి పోవు స్త్రీలు, అంగడికి సరకు మోయువారు, ప్రార్థనకు పోవు వృద్ధులు తమ పాదములతో గీచిన గీత అది. పట్టాల మీద వంతెన కట్టదలచిన ఇంజనీరు మొట్టమొదట చదువవలసిన పటము ఇదియే యని మాకు తోచినది.

ఎందువలననగా, వంతెన ఎత్తుకన్న దాని దూరమే పాదచారిని ఎక్కువగా వెనుకకు లాగును. ఈ లెక్క చిత్తగింపుడు. వంతెన మెట్లెక్కి, పట్టాలు దాటి, మఱల దిగుటకు ఆరోగ్యవంతునకు ఒకటిన్నర రెండు నిమిషములు పట్టును. అదే వంతెన, జనము సహజముగా దాటుచోటికి 200 మీటర్ల దూరమున నున్నదనుకొందము. పోవుటకు 200, మఱల తమ దారికి వచ్చుటకు 200, మొత్తము 400 మీటర్లు అదనపు నడక. దానికి అయిదున్నర నిమిషములు చాలవచ్చును, చాలకపోవచ్చును. బడిగంట మ్రోగుచున్నప్పుడు, బండి అందుకోవలసి యున్నప్పుడు ఆ నిమిషములు ఎవ్వరును వెచ్చింపరు. కాబట్టి వంతెన ఎంత గట్టిదైనను, ఎంత అందమైనదైనను, కాలిబాటకు దూరమైనచో అది పావురములకు మాత్రమే ఉపయోగపడును.

ఇక ఎత్తు సంగతి. పట్టాల మీది వంతెన వీధి మీది వంతెనకన్న ఎత్తుగా నుండుటకు కారణము విద్యుత్తు తీగ. ఆ తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. దానికిని పైనున్న దూలమునకును నడుమ తగిన ఎడముండవలెను. అందుచేత పట్టా పైభాగము నుండి వంతెన దూలము అడుగు వఱకు ఇంచుమించు 6 మీటర్లకు పైబడిన ఎత్తు కావలయును. దూలము మందము కూడ కలిపినచో నడచు తలము ఏడు మీటర్ల ఎత్తున నుండును. మెట్టు ఒక్కింటికి 15 సెంటీమీటర్ల ఎత్తు చొప్పున ఇంచుమించు 47 మెట్లు. అనగా రెండంతస్తుల మేడ ఎక్కి దిగినంత పని. పడుచువాడు దానిని లెక్కచేయడు. కాని వంతెనను పడుచువాని కొలతతో కట్టరాదు.

నగరమున ఒక స్టేషనులో కూరగాయల మూటతో నిలిచియున్న ఒక ముసలమ్మను, వంతెన ఉండగా పట్టాలు దాటుట యేల అమ్మా యని అడిగితిమి. ఆమె వంతెన వైపు చూచి, "ఇన్ని మెట్లు నాతోని గాదు బిడ్డా" అని, మూట నెత్తికెత్తుకొని పట్టాల వైపు నడచినది. మేము ఆమె మూటను అందుకొని, ఆమెతోపాటు వంతెన ఎక్కితిమి. పదేసి మెట్లకు ఒకసారి ఆమె నిలిచినది. నిలుచుటకు చదునైన చోటు ఒక్కటే యుండెను. తక్కిన చోట్ల వెనుకనుండి వచ్చు జనము ఆమెను త్రోసికొని పోవుచుండిరి. పట్టుకొనుటకు కమ్మీ ఉన్నను, అది ఆమె చేతికి అందనంత లావుగా నుండెను. ఆ వంతెన బలహీనమైనది కాదు. ఏనుగునైనను మోయగలది. ముసలమ్మను మాత్రము అది తలచుకొనలేదు.

ఈ తలపు ఉన్నచో చేయవలసినవి కష్టమైనవి కావు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించక, పాదము మోపు చోటు 30 సెంటీమీటర్లకు తగ్గక యుండవలెను. మెట్టు మెట్టునకు ఎత్తు మారరాదు. మారినచో చీకటిలో కాలు తొట్రుపడును. పండ్రెండు మెట్లకు మించకుండ ఒక్కొక్క చదును ఏర్పరచి, నిలిచినవారికి అడ్డము లేనంత వెడల్పు ఇయ్యవలెను. కమ్మీలు పిడికిట ఇమిడి, పెద్దలకు ఒకటి, పిల్లలకు ఒకటి, రెండు ఎత్తులలో నుండవలెను. మెట్ల అంచున వేఱు రంగు పట్టీ వేసినచో చూపు మందగించినవారికి మేలు.

మెట్లు ఎక్కలేనివారి కొఱకు వాలుబాట కావలయును. చక్రముల కుర్చీలో పోవువాడు తానై ఎక్కగల వాలు, ఒక మీటరు ఎత్తునకు 12 మీటర్ల పొడవు. ఏడు మీటర్ల ఎత్తునకు 84 మీటర్లు. నడుమ విశ్రాంతి చదునులు కలిపినచో ఒక్కొక్క ప్రక్క నూఱు మీటర్లకు చేరును. పాతనగరపు ఇఱుకు వీధులలో అంత చోటు దొరకుట కష్టము. దానిని మడతలు మడతలుగా త్రిప్పి కట్టవచ్చును. లేదా లిఫ్టు పెట్టవచ్చును. 2023లో ఉప్పల్ కూడలి యందు తెఱచిన ఆకాశమార్గమునకు లిఫ్టులు, కదలు మెట్లు అమర్చిరి. వికలాంగుల హక్కులను గూర్చిన 2016 నాటి చట్టము వచ్చిన పిదప ఇది దయ కాదు, విధి. అయితే లిఫ్టు చెడిపోయిన దినమున వృద్ధుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు కూడ పటములోనే జవాబు ఉండవలెను. మంచి మెట్లు లేని వంతెనకు లిఫ్టు ఒక్కటే ప్రాణము కారాదు.

పైకి ఎక్కుట యేల, క్రిందుగా దారి త్రవ్వరాదా యని శ్రోతలు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. మనిషి నడచుటకు రెండున్నర మీటర్ల ఎత్తు చాలును. పైన కప్పు, కంకర మందము కలిపినను నాలుగు మీటర్ల లోతు దిగినచో సరిపోవును. ఏడు మీటర్లు ఎక్కుటకన్న నాలుగు మీటర్లు దిగుట మేలు కదా! కాని ఈ నేల సంగతి మఱవరాదు. 2020 అక్టోబరు నెలలో కురిసిన వానలకు పల్లెచెఱువు గట్టు తెగి, ఫలక్‌నుమా సమీపమున నున్న అల్ జుబైల్ కాలనీ నీట మునిగినది. చెఱువుల క్రింద, కాలువల వెంట పెరిగిన పేటలలో పల్లమునకు త్రవ్విన దారి మొదటి వానకే బావి యగును. నీరు తానుగా పోవు వాలు దొరికినచోట, లేదా రేయింబవళ్ళు పంపు నడపి, దానిని కాపాడు మనుష్యుడు ఉన్నచోట క్రిందిదారి మంచిదే. ఆ రెండును లేనిచోట వంతెనయే శరణ్యము.

వంతెన వెడల్పు విషయములో మనకు 2017లో ఒక గొప్ప గుణపాఠము లభించినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేది ఉదయము బొంబాయి మహానగరమున, అనగా నేటి ముంబయిలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను వంతెన మీద త్రొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి. వంతెన కూలలేదు. వాన కురియుచుండుటచే జనము కప్పు క్రిందనే నిలిచిపోయిరి; వెనుకనుండి క్రొత్త బండ్ల జనము వచ్చి చేరిరి; ఇఱుకైన మెట్లమీద ఊపిరి సలుపలేదు. ఆ తరువాత సైన్యమువారు అచ్చట మఱియొక వంతెన కట్టగా, 2018 ఫిబ్రవరిలో అది తెఱవబడినది. దీనివలన మనము గ్రహింపవలసినదేమి? జనము సమతలము మీదకన్న మెట్లమీద నెమ్మదిగా కదలుదురు. కాబట్టి వంతెన నడుమ విశాలముగా నుండి మెట్లు సన్నగా నున్నచో, అది మూతి ఇఱుకైన కూజావంటిది. వెడల్పును మెట్లనుండి లెక్కపెట్టి పైకి పోవలెను. మెట్లు దిగినచోట వీధిలో బండ్లు, తోపుడుబండ్లు అడ్డము లేని ఖాళీ స్థలము వదలవలెను.

బలమును గూర్చి ఇంజనీర్లకు మేము చెప్పవలసిన పని లేదు. జనము క్రిక్కిఱిసి నిలిచినను భరించునట్లు చదరపు మీటరునకు ఇంచుమించు 500 కిలోల బరువు వేసి లెక్కకట్టుదురు. స్తంభములను పట్టాలకు ఎడముగా నాటి, ఉక్కు దూలములను వేఱొకచోట తయారుచేసి, కొన్ని గంటలు బండ్లు ఆపి, క్రేనుతో ఎత్తి పెట్టుదురు. అయితే బలమునకు తోడు మఱియొక గుణము కావలయును, అది నిలుకడ. 2000 సంవత్సరము జూను 10న లండను నగరమున థేమ్సు నది మీద తెఱచిన మిలీనియం వంతెన, జనము నడక లయకు ప్రక్కలకు ఊగుటచే రెండు దినములలో మూసివేయబడినది. ఊపును అణచు సాధనములు అమర్చి 2002లో దానిని మఱల తెఱచిరి. అది కూలు వంతెన కాదు. కాని జనమునకు భయము కలిగినది. పట్టాల మీది వంతెన అడుగు వేసినప్పుడెల్ల అదరుచున్నచో, మా ముసలమ్మవంటివారు దానిని రెండవసారి ఎక్కరు.

భయము ఊపువలననే కలుగదు. సంధ్య దాటిన పిదప ఒంటరిగా పోవు స్త్రీ, వంతెన ఆ చివర ఎవరున్నారో ఈ చివరనుండియే చూడగలుగవలెను. విద్యుత్తు తీగల పైభాగమున ఎవరును చేయి చాపకుండ అడ్డుతెర తప్పనిసరి. కాని తక్కిన భాగమున రెండు ప్రక్కల రేకులు బిగించి వంతెనను గొట్టముగా చేసినచో, లోపల ఏమి జరుగుచున్నదో వీధికి తెలియదు. వల బిగించినచో గాలి, వెలుగు, నలుగురి చూపు లోపలికి వచ్చును. ఎండకును వానకును పైకప్పు కావలయును. మే నెల మధ్యాహ్నము కాలిన ఉక్కు మెట్లు ఎక్కుమని ఎవరికి చెప్పగలము? దీపములు చెడినచో మఱునాడే మార్చు ఏర్పాటు ఉండవలెను.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి మనవి చేయవలసి యున్నది. పాతనగరమున ఇటీవలి సంవత్సరములలో వాహనములకు గొప్ప దారులు వెలసినవి. బహదూర్‌పురా కూడలి మీది ఫ్లైఓవరు 2022లోను, ఆరాంఘర్ నుండి జంతుప్రదర్శనశాల వఱకు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవరు 2025 జనవరిలోను ప్రారంభమైనవి. ఇవి కావలసినవే. ఇదే తీరున రైల్వే గేటులను తీసివేసి వాహనముల వంతెనలు కట్టుటయు భద్రతకు మంచిదే. కాని గేటు ఉన్నకాలమున బండి పోయిన పిదప పాదచారి నేలమీదనే, రక్షణతోనే దాటెడివాడు. గేటు మూసి, మోటారుల కొఱకు దీర్ఘమైన వంతెన కట్టి, పాదచారికి ఏమియు చేయనిచో అతని దారిని మనము తీసికొన్నవారమగుదుము. మోటారునకు అర కిలోమీటరు చుట్టు అర నిమిషము. పాదచారికి ఏడు నిమిషములు. గేటు మూయు దినమే కాలినడక వంతెన తెఱచు దినము కావలెను.

కట్టిన పిదప కాపాడుట మిగిలిన పని. 2019 మార్చి 14న ముంబయిలో ఛత్రపతి శివాజీ టెర్మినసు చెంతనున్న కాలినడక వంతెన తలము కూలి ప్రాణనష్టము జరిగినది. పట్టాల పైభాగము రైల్వేవారిది, వీధిలోని మెట్లు పురపాలకులవి, దీపములు మఱియొకరివి అయినప్పుడు, త్రుప్పు పట్టిన బోల్టు ఎవరిదో తేలదు. పటము మీద సంతకము చేయునాడే, ఊడ్చువారెవరు, రంగు వేయువారెవరు, ఏటేట పరీక్షించువారెవరు అను మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసియుంచవలెను.

పౌరులుగా మనము చేయదగినది కూడ కలదు. మన పేటలో వంతెన కావలెనని కోరునప్పుడు, కావలెనని మాత్రమే వ్రాసి ఊరకుండరాదు. ఒక దినము ఉదయమునుండి రాత్రి వఱకు ఆ కాలిబాట చెంత కూర్చుండి లెక్క వ్రాయవలెను. ఎందఱు దాటిరి, ఏ వేళ దాటిరి, వారిలో పిల్లలెందఱు, వృద్ధులెందఱు, బరువు మోయువారెందఱు, సైకిలు నడిపించుకొని పోవువారెందఱు, ఎచ్చటనుండి ఎచ్చటికి పోవుచుండిరి. ఆ కాగితము చేతబట్టి అధికారులయొద్దకు పోయినచో, అది వట్టి అర్జీ కాదు. వంతెన పటములో మొదటి పుట. వంతెన వచ్చిన పిదప మనము దానిని ఎక్కవలెను. మన పిల్లలచేత ఎక్కింపవలెను. రెండు నిమిషములు ఆదా చేసికొనుటకు తండ్రి పట్టాలు దాటిన ఇంట, కుమారునకు వంతెన నేర్పు గురువు దొరకడు.

పురానాపూలు కట్టిన పనివారి పేర్లు మనకు తెలియవు. కాని వారు నది ఎచ్చట దాటవలసియున్నదో చూచి అచ్చట కట్టిరి, జనము నడచినారు. నేటి ఇనుప నది మీదను అదే నియమము చెల్లును. గడ్డిలో ఆ సన్నని కాలిబాట యున్నంత కాలము, అచ్చట వంతెన ఒకటి బాకీ యున్నదని అర్థము. ఏనాడు ఆ బాటమీద గడ్డి మఱల మొలచునో, ఆనాడు మన వంతెన సరిగా కట్టితిమని తెలిసికొనవచ్చును.